ఆగడం కోసమే ఆ మోటారు

"కాళ్లు పనిచేస్తున్నంతకాలం మోటారెందుకమ్మా?" అన్నాడు అన్నయ్య ఫోనులో.

ఏప్రిల్ మొదటి వారంలో మావారూ నేనూ అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఫీనిక్స్‌లోని పార్కులను ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద చూసివచ్చాం. గైడు వెంట ఉండి నాలుగు గంటలు తిప్పింది. ఆ ఫొటోలు పంపితే వచ్చిన జవాబు ఇది. అన్నయ్యకు అరవై ఎనిమిదేళ్లు. ఇప్పటికీ రోజూ తెల్లవారకముందే ఆరు కిలోమీటర్లు నడుస్తాడు. ఆయన దృష్టిలో పార్కు అంటే నడిచే చోటు. "అక్కడికి కూడా మోటారు తీసుకువెళితే రోడ్డుకీ పార్కుకీ తేడా ఏముంది? పక్కన ఒకరు చెబుతూ ఉంటే నువ్వు చూసిందెంత, విన్నదెంత?" అని అడిగాడు.

మోకాళ్ల నొప్పులున్నాయి కదా అన్నయ్యా అని అప్పటికి తప్పించుకున్నాను. నొప్పులున్న మాట నిజమే. కానీ అసలు జవాబు అది కాదని ఫోను పెట్టేస్తున్నప్పుడే తెలుసు. అసలు జవాబు ఏమిటో తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఫీనిక్స్ లాంటి ఎడారి నగరాన్ని అర్థం చేసుకోవడానికి ఎలక్ట్రిక్ సైకిలును మించిన వాహనం లేదని ఇప్పుడు నా నమ్మకం. అది వేగంగా పోతుందని కాదు, ఎక్కడ పడితే అక్కడ ఆగనిస్తుందని. ఆగకుండా పరుగెత్తించే పర్యటనైతే మాత్రం దానికి వెళ్లకపోవడమే మేలు. అన్నయ్య కోపం అప్పుడు పూర్తిగా న్యాయమే.

ఆగినందుకు సుంకం లేదు

సైకిలు ఊపందుకున్నాక ఆపడానికి ప్రాణం ఒప్పదు. ఆపితే మళ్లీ ఆ బరువునంతా కాళ్లతోనే కదిలించాలి. అందుకని దారి పక్కన ఏదైనా కనిపించినా, వచ్చేటప్పుడు చూద్దాంలే అనుకుని సాగిపోతాం. వచ్చేటప్పటికి అలసిపోయి ఉంటాం, ఎండ ఎక్కి ఉంటుంది, ఇల్లు చేరితే చాలనిపిస్తుంది. కాలేజీ రోజుల్లో నాలుగేళ్లు సైకిలు తొక్కినదాన్ని. ఆ దారి పొడవునా ఏమేమున్నాయో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

ఎలక్ట్రిక్ సైకిలు ఆ లెక్క మార్చేసింది. ఒక్క తొక్కు తొక్కగానే వెనక చక్రంలోని మోటారు, ఎవరో వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టు ముందుకు కదిలిస్తుంది. మొదటి పది నిమిషాలు ఆ నెట్టుడుకు భయపడి రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అలవాటయ్యాక ఒక సంగతి గమనించాను. ఏ చెట్టు దగ్గర ఆగాలనిపించినా ఆగుతున్నాను. ఆగినందుకు కాళ్లు కట్టవలసిన సుంకం లేదు. ఆ ఉదయం మేము పధ్నాలుగు సార్లు ఆగాం. అందులో గైడు ముందే అనుకున్నవి ఆరే.

నడకలోనూ ఎక్కడైనా ఆగవచ్చు కదా అంటాడు అన్నయ్య. నిజమే. కానీ ఒక్క ఫీనిక్స్ నగరమే 1,300 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. దానికి ఆనుకుని స్కాట్స్‌డేల్, టెంపీ. పటంలో మూడు నగరాలు, తిరిగేవారికి ఒకే ఊరు. మేము తిరిగిన దారి దాదాపు ఇరవై అయిదు కిలోమీటర్లు. ఇక్కడి పార్కులను విడివిడిగా చూస్తే ఒక పచ్చిక, ఒక సరస్సు, ఒక ఎర్రరాతి గుట్ట, అంతే. ఒకదాని తరవాత ఒకటిగా, మధ్యలో తెగకుండా చూసినప్పుడే అవన్నీ నీటి గురించే చెబుతున్నాయని తెలుస్తుంది. నడిస్తే అది రెండు రోజుల పని. కారులో వెళితే ప్రతి పార్కూ ఒక్కో పార్కింగ్ స్థలంగా ముక్కలైపోతుంది.

వాగు, సరస్సు, ఒక ఇనుప తలుపు

మొదలుపెట్టింది స్కాట్స్‌డేల్‌లోని ఇండియన్ బెండ్ వాష్ దగ్గర. వాష్ అంటే మన వాగు. వాన పడితేనే పారుతుంది, లేకపోతే ఎండి పడి ఉంటుంది. 1960లలో సైన్యపు ఇంజనీర్లు ఈ వాగును కాంక్రీటు కాలువగా మార్చాలని ప్రతిపాదించారు. ఊరిని రెండుగా చీల్చే ఆ కాలువ వద్దని పట్టణవాసులు పట్టుబట్టారు. దాని బదులు దాదాపు 18 కిలోమీటర్ల పొడవున పచ్చిక, చెరువులు, ఆటస్థలాలు, మధ్యలో సైకిలు దారి వచ్చాయి. వరద వస్తే వీటి మీదుగానే పోతుంది, పోయాక జనం మళ్లీ వస్తారు.

ఒక వంతెన కింద గైడు సైకిలు ఆపి, గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. నా భుజం ఎత్తున ఎండిన ఒండ్రు గీత ఒకటి ఉంది. వేలితో గీకితే మెత్తటి గోధుమరంగు పొడి రాలింది. బయట పిల్లలు పచ్చికలో బంతి ఆడుకుంటున్నారు. ఆ పిల్లల తలలకు పైన నీళ్లు పారిన రోజు ఒకటుందని ఆ గీత చూస్తేనే నమ్మగలిగాను.

అయినా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఏడాదికి 20 సెంటీమీటర్ల వాన కూడా పడని చోట ఇంత పచ్చిక న్యాయమేనా? వరదకు దారి ఇస్తోంది, పిల్లలకు ఆటస్థలమైంది, ఎండలో కాస్త చల్లదనం ఇస్తోంది. అంతవరకు సరే. దాని పక్కనే విస్తరించిన గోల్ఫ్ మైదానాల పచ్చికను మాత్రం నేను సమర్థించలేను. గైడు ఈ విషయం ఎత్తలేదు. అడిగితే తాగునీరు కాదని, కొన్నిచోట్ల శుద్ధిచేసిన మురుగునీరు వాడతారని చెప్పింది. ఎడారిలో శుద్ధిచేసిన నీరు కూడా నీరే కదా.

అక్కడి నుంచి దక్షిణంగా పోతే టెంపీ టౌన్ లేక్. సాల్ట్ నది అడుగున అటూ ఇటూ ఆనకట్టలు వేసి 1999లో నింపిన సరస్సు ఇది. పొడవు సుమారు మూడు కిలోమీటర్లు. పొద్దున్నే పడవలు తోసుకుంటూ కాలేజీ పిల్లలు, ఒడ్డున ఫొటోలు దిగే జనం. గైడు అనుకున్న ఆపు ఇక్కడే, వంతెన దగ్గర. పడమటి ఆనకట్ట దాకా పోదామన్నది మావారు. ఆయన నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. నీళ్లు కనిపిస్తే గేట్లెక్కడ అని అడుగుతారు.

నా మటుకు ఆ పర్యటనలో చూసినవాటన్నిటిలోకీ గొప్పది అక్కడుంది. ఆనకట్ట వంతెన మీద నిలబడితే ఎడమచేతి వైపు నిండుగా నీలం నీరు, కుడిచేతి వైపు గులకరాళ్లు, ఇసుక, తుప్పలు. ఒకే నది. మధ్యలో ఇనుప తలుపులు. మొదట్లో ఇక్కడ గాలి నింపిన రబ్బరు ఆనకట్ట ఉండేదట. 2010 జులైలో ఒక రాత్రి అది పేలి, తెల్లారేసరికి సరస్సు దాదాపు ఖాళీ అయింది. 2016లో ఈ ఉక్కు గేట్లు పెట్టారు.

"మరి నదిలో నీళ్లు ఎక్కడికి పోయాయి?" అని అడిగాను మావారిని. గైడుకన్నా ముందు ఆయనే అందుకున్నారు. ఎగువన గ్రానైట్ రీఫ్ అనే ఆనకట్ట 1908లో కట్టారు. అది నదిని ఉత్తరపు కాలువల్లోకి, దక్షిణపు కాలువల్లోకి పంచేస్తుంది. ఇంకా పైన రూజ్వెల్ట్ డ్యామ్, 1911. నది వట్టిపోలేదు, కాలువల్లోకి మారింది. గోదావరి కాలువల గట్ల మీద ఉద్యోగం చేసిన మనిషికి ఇది విడమరిచి చెప్పవలసిన పని లేదు. "ఏవండీ, ఇది మీరు ముందే చదువుకుని వచ్చారా?" అంటే, "రాత్రి చూశాను" అన్నారు.

ఈ నీటి మాట చెబుతూ గైడు ఒక కథ చెప్పింది, అది ఇంకా నన్ను వదలలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పాపగో పార్కులో జర్మన్ యుద్ధఖైదీల శిబిరం ఉండేది. 1944 డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు, 25 మంది ఖైదీలు సుమారు 54 మీటర్ల సొరంగం తవ్వి, క్రాస్‌కట్ కాలువ గట్టు దగ్గర పైకి తేలారు. వారిలో ముగ్గురు రహస్యంగా ఒక పడవ తయారుచేసుకున్నారు. పటంలో, సాల్ట్ నది వెళ్లి కలిసే హీలా నది నీలం గీతగా ఉంది. దాని మీద తేలుతూ మెక్సికో వైపు జారుకోవాలని వారి ఆలోచన. తీరా చేరేసరికి నదిలో బురదమడుగులు తప్ప నీళ్లు లేవు. తప్పించుకున్న అందరూ చివరికి దొరికిపోయారు. ఈ కథ నేను సరస్సు ఒడ్డున విని ఉంటే తమాషా కథగానే మిగిలేది. ఎండిన నదీగర్భాన్ని కళ్లారా చూసిన గంటకు, అదే క్రాస్‌కట్ కాలువ గట్టు మీద, నిండుగా పారుతున్న నీటి పక్కన నిలబడి విన్నాను. పటం వారిని ఎలా మోసం చేసిందో అప్పుడు అర్థమైంది.

పెద్దాయన, కుక్కపిల్ల

ఇప్పుడు అన్నయ్య పక్షం వాదించే సంఘటన చెప్పాలి. దాచిపెడితే ఈ వ్యాసం రాయడంలో అర్థం లేదు.

వాగు దారిలోనే, మొదటి గంటలో, మా బృందంలోని ఒక కుర్రవాడు పెడల్ తొక్కడం మానేసి, హ్యాండిల్ మీది మీట నొక్కి దూసుకుపోయాడు. ముందు ఒక పెద్దాయన, ఆయన చేతిలో తాడు, తాడు చివర తెల్లటి కుక్కపిల్ల. సైకిలు చప్పుడు లేకుండా పక్కనుంచి పోయేసరికి కుక్కపిల్ల బెదిరి అడ్డంగా ఉరికింది. తాడు ఆయన కాళ్లకు చుట్టుకుంది. పడలేదు, బెంచీ పట్టుకుని నిలదొక్కుకున్నారు. గైడు వెంటనే దిగి క్షమాపణ చెప్పింది, కుర్రవాడి చేత చెప్పించింది. ఆయన కోపగించుకోలేదు. "ఇక్కడ చాలా ఏళ్లుగా నడుస్తున్నాను. ఇప్పుడు వెనక్కి చూసుకుంటూ నడవడం నేర్చుకోవలసి వస్తోంది" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అరిజోనాలో 2018 నుంచి ఎలక్ట్రిక్ సైకిళ్లను మూడు తరగతులుగా విడదీశారు. మొదటి రెండు తరగతుల్లో గంటకు 32 కిలోమీటర్ల దగ్గర మోటారు సాయం ఆగిపోవాలి. మూడోదానికి 45 దాకా పోవచ్చు. రెండో తరగతికి పెడల్ తొక్కకుండానే నడిచే మీట ఉంటుంది. మావన్నీ ఆ రకానివే. చట్టం ప్రకారం ఆ కుర్రవాడు చేసినదానిలో తప్పేమీ ఉండకపోవచ్చు. కానీ నడిచేవారి దారిలో 32 అన్నది నా ఉద్దేశంలో చాలా ఎక్కువ. గైడు వెంట ఉండే పర్యటనల్లో మీటలు తీసేయించాలి. వేగం 16 దగ్గర కట్టివేయాలి. చూడడానికి వచ్చినవారికి అంతకు మించి అవసరం లేదు. అవసరమనిపించేవారు చూడడానికి రాలేదన్నమాట.

పల్లేరుకాయ

పాపగో పార్కు దగ్గరపడుతుండగా మావారి సైకిలు వెనక చక్రం మెత్తబడింది. ఎలక్ట్రిక్ సైకిలు మామూలు సైకిలుకన్నా చాలా బరువు. మోటారు వెనక చక్రంలో ఉంటే ఆ చక్రం ఊడదీయడం పెద్ద పని. గైడు దాన్ని తిరగేసి, చక్రం ఊడదీయకుండానే టైరు ఒక పక్కకు లాగి, ట్యూబు బయటికి తీసి అతుకు వేసింది. అంతకుముందు టైరులోంచి ముల్లు పీకి నా అరచేతిలో పెట్టి, "దీన్ని మేము మేకతల అంటాం" అంది.

చూడగానే గుర్తుపట్టాను. పల్లేరుకాయ! రెండు కొమ్ముల్లాంటి ముళ్లు, ఎటు పడినా ఒక ముల్లు పైకే నిలబడే ఆ నిర్మాణం. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా చేలగట్ల మీద తిరిగినవారి అరికాలు దీన్ని మరిచిపోదు. అమెరికాలో పుట్టిన మొక్క కాదిది, మనుషుల వెంటే అక్కడికి చేరింది. ఇక్కడ సైకిలువాళ్లకు దీనికి మించిన శత్రువు లేదట. పధ్నాలుగు వేల కిలోమీటర్ల దూరాన, తెలియని నేల మీద, నాకు పేరు తెలిసిన మొక్క అదొక్కటే.

ట్యూబు అతికించడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఒక పాలో వెర్డే చెట్టు కింద కూర్చున్నాం. దీని బెరడు కూడా ఆకుపచ్చగానే ఉంటుంది. నీటిని కాపాడుకోవడానికి ఆకులు రాల్చేసినా, ఆ బెరడుతోనే ఎండను ఆహారంగా మార్చుకుంటుంది. ఏప్రిల్ కాబట్టి చెట్టంతా పసుపు పువ్వులు, కింద నేలంతా పసుపు. తలమీద నల్లటి తురాయి ముందుకు వంగిన ఎడారి పూరేడు పిట్టల జంట, వెనక లెక్కపెట్టలేనన్ని పిల్లలు, ఒక తుప్పలోంచి ఇంకో తుప్పలోకి దారి దాటాయి. ఆ చెట్టు నీడలోనే, కాండానికి ఆనుకుని, నా మోకాలి ఎత్తున చిన్న సవారో కాక్టస్ ఉంది, చెట్టంత పెరిగే ముళ్ల మొక్క. పెద్ద చెట్టు నీడ లేకపోతే సవారో మొలక ఎండకు బతకదని గైడు చెప్పింది. మొదటి కొమ్మ వేయడానికే దానికి యాభై నుంచి డెబ్బై అయిదేళ్లు పడుతుంది. అది కొమ్మ వేసే రోజుకు మా మనవరాలికి కూడా మా వయసు వచ్చేయవచ్చు.

మొత్తం పర్యటనలో ఏది బాగుందని ఎవరు అడిగినా ఈ అరగంటనే చెబుతున్నాను. ఇది కార్యక్రమంలో లేదు. ఎవరూ దీనికి డబ్బు తీసుకోలేదు. నన్ను వేధించేది కూడా ఇదే. ముల్లు గుచ్చుకుంటే తప్ప దొరకని అరగంటను కార్యక్రమంలో ముందే ఎందుకు పెట్టకూడదు?

తరవాత సైకిళ్లు కింద వదిలి, ఎర్రరాతి గుట్టలో పెద్ద కన్నం ఉన్న చోటికి ఎక్కాం. హోల్ ఇన్ ది రాక్ అంటారు. ఎక్కువ ఎత్తు లేదు, మెట్లు కూడా ఉన్నాయి. మామూలు సైకిలు మీద పదిహేను కిలోమీటర్లు తొక్కి వచ్చి ఉంటే నా మోకాళ్లు ఆ మెట్లకు ఒప్పుకునేవి కావు. మోటారు మిగిల్చిన బలం అక్కడ నడకకు ఖర్చయింది. అన్నయ్యకు ఈ మాట రాశాను. దానికి ఆయన ఏమీ అనలేదు.

గైడు చెప్పినవీ చెప్పనివీ

గైడు లేకపోతే ఒండ్రు గీత దగ్గర ఆగేదాన్ని కాదు, మేకతల గురించి తెలిసేది కాదు. అందుకు ఆ అమ్మాయికి రుణపడి ఉన్నాను. కానీ ఒక మాట దగ్గర ఆమెతో ఏకీభవించలేను. వెయ్యేళ్ల కిందట ఈ లోయలో వందల కిలోమీటర్ల కాలువలు తవ్విన హోహోకామ్ ప్రజల గురించి చెబుతూ, 1450 ప్రాంతంలో వారు "ఉన్నట్టుండి మాయమైపోయారు" అంది. పాత నాగరికత శిథిలాల మీద మళ్లీ లేచిన నగరం కాబట్టే ఫీనిక్స్ అనే పక్షి పేరు పెట్టారని కూడా చెప్పింది. వినడానికి అందంగా ఉంది.

తరవాతి వారం మేము కాలువల శిథిలాలున్న మ్యూజియానికి వెళ్లాం. ప్యూబ్లో గ్రాండే అని పిలిచేవారు, 2023లో ఇక్కడి ఆదివాసులైన ఓధమ్ ప్రజల భాషలో కొత్త పేరు పెట్టారు. అక్కడ తెలిసింది, ఓధమ్ ప్రజలు ఆ కాలువలు తవ్వినవారిని తమ పూర్వీకులుగా చెప్పుకుంటారని. వారు ఇప్పటికీ ఇదే లోయలో, సాల్ట్, హీలా నదుల పక్కనే ఉంటున్నారు. పార్కుకున్న పాపగో అన్న పేరు కూడా వారు పెట్టుకున్నది కాదు, స్పానిష్‌వారు తగిలించింది. ఎడారి ప్రజలు అనే అర్థం వచ్చే తొహోనో ఓధమ్ అన్న సొంత పేరును ఆ జాతి 1986లో అధికారికంగా తీసుకుంది. సైకిలు దారి నుంచి కొద్ది దూరంలో బతికున్న మనుషులను మాయమైపోయారని చెప్పడం చిన్న పొరపాటు కాదు. ఆ అమ్మాయికి ఎవరో అలా నేర్పారు. నేర్పినవారు సరిదిద్దాలి.

చెప్పనిది ఇంకొకటి ఉంది, ఎండ. ఏప్రిల్ ఉదయం హాయిగా తిరిగివచ్చినవారు ఈ ఊరి వాతావరణం ఎంత బాగుందో అనుకుంటూ ఇంటికి వెళతారు. 2023 వేసవిలో ఇక్కడ వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న జిల్లా, మారికోపా కౌంటీ, ఒక్కదానిలోనే ఎండకు సంబంధించిన కారణాలతో 645 మంది చనిపోయారు. సవారోలు సైతం కూలాయి. అవి రాత్రి చల్లబడ్డాకే రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. రాత్రులు చల్లబడకపోతే వాటికి ఊపిరాడదు. నీడ, నీరు ఈ ఊరిలో విలాసం కాదు, ప్రాణం. పార్కులు చూపించడమంటే ఈ మాట చెప్పడమే. సెలవులకు వచ్చినవారి సరదా పాడుచేయడం ఎందుకని ఊరుకోకూడదు.

పర్యటన నడిపే సంస్థకు ఒక ఉత్తరం రాశాను. ఇదే నాలుగు గంటల్లో సరస్సు చుట్టూ తిప్పే భాగం తీసేసి, పడమటి ఆనకట్ట దగ్గర పావుగంట ఇవ్వమన్నాను. పాలో వెర్డే కింద అరగంట కూర్చోబెట్టమన్నాను. మీటలు తీయించమన్నాను. ఓధమ్ మ్యూజియం దగ్గర ఆపమన్నాను, అందుకు అవసరమైతే ఇంకో గంటకు డబ్బు తీసుకోమన్నాను.

అన్నయ్యా వదినా నవంబరులో వస్తున్నారు. ఆయన సైకిలు ఎక్కనని ఇప్పటికీ అంటున్నాడు. వాగు దారిలో తాను నడుస్తాడట, ఒండ్రు గీత ఉన్న వంతెన కింద మేము ఆగి ఉండాలట. సరేనన్నాను. ఆ పల్లేరుకాయ గాజుసీసాలో వేసి వంటింటి కిటికీలో పెట్టాను, ఆయన వచ్చాక చూపించడానికి.